ఉపదేశి సంచిలో ఏ పుస్తకాలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బైబిలు బోధకు సిద్ధపడేవాళ్లు మొట్టమొదట అడిగేది ఏ పుస్తకాలు కొనాలన్నదే. జవాబు ఎవరినడిగినా ఇంచుమించు ఒకేలా వస్తుంది. ఒక రిఫరెన్సు బైబిలు, ఒక బైబిలు నిఘంటువు, ఒక కాంకార్డెన్సు, స్తోమత ఉంటే వ్యాఖ్యానాల సెట్టు, ఒక సంఘ చరిత్ర, ఒక దైవశాస్త్ర గ్రంథం. ఈ జాబితాలో తీసిపారేయవలసిన పుస్తకం ఏదీ లేదు. కానీ దీన్ని ఎవరి అవసరం చూసి కట్టారో ఎవరూ అడగరు. సెమినరీలో పరీక్ష రాసేవాడికి కావలసిన పుస్తకాలు వేరు, ఆదివారం ఊరి గుడిలో నిలబడి కూలికి పోయి వచ్చిన జనానికి ఒక అధ్యాయం విప్పి చెప్పవలసినవాడికి కావలసినవి వేరు. ఈ రెండు అవసరాల మధ్య తగవు ఉత్తరాంధ్రలో ఇవాళ పుట్టింది కాదు. రెండు వందల ఏళ్లుగా ఇక్కడ క్రైస్తవ పుస్తకాలను ఎంచినవాళ్లు, రాసినవాళ్లు, అచ్చువేసినవాళ్లు, మోసినవాళ్లు దాన్ని ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్నారు. వినేవాడి ప్రశ్నకు జవాబుగా పుట్టిన పుస్తకమే ఇక్కడ నిలబడింది. చదివేవాడి హోదా కోసం తెచ్చుకున్న పుస్తకం బీరువాలోనే ఉండిపోయింది. బైబిలు అధ్యయనానికి పుస్తకాలు ఎంచుకోవడానికి ఈ ప్రాంత చరిత్ర ఇచ్చే కొలబద్ద అదేనని నా వాదన.

మొదట్లో ఎంచుకోవడానికి పుస్తకాలే లేవు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరేనాటికి తెలుగులో క్రైస్తవ రచనలు అసలు పుట్టలేదని కాదు. బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండగా బైబిలును తెలుగు చేశాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. ఆయనే జర్మనీ వెళ్లాక 1746లో హాలే పట్టణంలో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ‘వేదాంత రసాయనము’ పేరిట పద్యకావ్యంగా రాశాడు. కానీ హాలే పుస్తకాలు కళింగ తీరంలో చేతికందేవి కావు, కావ్యం పండితుల తాళపత్రాల్లో ఉంది. క్రాన్, డెగ్రాంజెస్‌ల ముందున్న పని పుస్తకాన్ని ఎంచుకోవడం కాదు, తయారుచేయడం. అయినా అదీ ఒక ఎంపికే. బైబిలంతా ఒకేసారి తెలుగు చేయడం కుదరదు కనుక ముందు ఏ భాగమో తేల్చుకోవాలి. వాళ్లు సువార్తలు తీసుకున్నారు. పత్రికలు గానీ సంఘ సిద్ధాంతాలు గానీ ముందు పెట్టలేదు. కథ ఉన్న భాగం, ఉపమానాలున్న భాగం, బిగ్గరగా చదివితే వీధి అరుగు మీద కూర్చున్నవాడికి అర్థమయ్యే భాగం ముందు వచ్చింది. క్రాన్ 1809 జనవరిలో శ్రీకాకుళంలో చనిపోయాడు, డెగ్రాంజెస్ 1810 జులైలో పోయాడు. అయిదారేళ్లలో ఇద్దరూ వెళ్లిపోయినా, వాళ్లు మొదట ఏది తెలుగు చేయాలని నిర్ణయించారో ఆ వరస తర్వాతివాళ్లకు దారి అయింది.

ఈ ఎంపిక విదేశీయులిద్దరి బుర్రలోంచే వచ్చిందనుకుంటే అసలు మనిషిని మరిచిపోయినట్టే. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సంగతి మిషనరీల ఉత్తరాల్లో వివరంగా ఉంది. టిప్పు సుల్తాను సేనలో లెక్కలు రాసిన ఈయన మోక్షం కోసం గురువు చెప్పిన మంత్రాన్ని లక్షల సార్లు జపించి కూడా తృప్తి చెందలేదట. తర్వాత ఒక రోమన్ కాథలిక్కు చేతినుంచి తెలుగు పుస్తకం అందింది. అది చదివి పాండిచ్చేరి వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కడ బైబిలు చదవాలని అడిగితే దొరకలేదు. తరంగంబాడిలో తమిళంలో బైబిలు ఉందని విని అక్కడికి వెళ్లాడు, చదివాడు. విశాఖలో ఎవరో దాన్ని తెలుగు చేస్తున్నారని తెలిసి ఉత్తరానికి వచ్చాడు. ఈ ప్రయాణం మొత్తాన్ని నడిపింది ఒక్కొక్క పుస్తకం. ఒక చిన్న పుస్తకం ప్రశ్న లేపింది, ఆ ప్రశ్న పెద్ద పుస్తకం అడిగింది, పెద్ద పుస్తకం తన భాషలో లేకపోవడం ఆయన్ని అనువాదకుడిని చేసింది. డెగ్రాంజెస్ తెలుగు వాక్యాలను దిద్ది నిలబెట్టినవాడు ఆనందరాయరే. అంటే ఉత్తరాంధ్ర నుంచి వెలువడిన తొలి తెలుగు సువార్తల వెనక ఉన్నది చదువరిగా తన ఆకలి ఏమిటో తెలిసిన మనిషి. పుస్తకం ఎంచుకోవడంలో ఇంతకంటే మంచి గురువు దొరకడు.

మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాలులోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. 1812 మార్చిలో అక్కడి ముద్రణాలయం తగలబడి ఎన్నో భాషల అచ్చక్షరాలు, రాతప్రతులు బూడిదయ్యాయి, తెలుగు పనికీ పెద్ద దెబ్బ తగిలింది. విశాఖలో జాన్ గోర్డన్, ఎడ్వర్డ్ ప్రిచెట్ ఆ పని అందుకున్నారు. ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన ఆ దశాబ్దం చివర్లో మద్రాసులో అచ్చయింది. ఇంచుమించు అదే సమయంలో, 1818లో, విలియం కేరీ బృందం తమ తెలుగు కొత్త నిబంధనను శ్రీరాంపురంలో తెచ్చింది. ఒకే పుస్తకానికి రెండు తెలుగులు పుట్టాయి. ఒకటి ఇక్కడి ఊళ్లలో తిరుగుతూ దిద్దుకున్నది, రెండోది బెంగాలులో పండితుల సాయంతో తయారైనది. తెలుగు సంఘాల్లో తర్వాత వాడుకలోకి వచ్చిన బైబిలుకు పునాది వేసినది మొదటి దారే. 1840లో విశాఖ వచ్చిన మిషనరీ జాన్ హే దశాబ్దాల పాటు తోటి మిషనరీ వార్డ్‌లాతోనూ ఇతరులతోనూ కలిసి దాన్ని దిద్దుతూ పోయాడు. పని మొదలైన చోటనే, ఆ మాటలు వినే జనం మధ్యనే, దిద్దుబాటూ జరిగింది. ఒకసారి అచ్చువేసి చేతులు దులుపుకోక, చదివితే జనానికి ఎక్కడ అందలేదో చూసి మళ్లీ మళ్లీ మార్చడమే ఈ బైబిలు నిలబడడానికి కారణాల్లో ఒకటి.

సువార్త భాగాల తర్వాత ఈ తీరంలో చేతులు మారినవి కరపత్రాలు, చిన్న పుస్తకాలు. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1830లలో శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే ఆమె సువార్త పని చేస్తూ ఉండేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చినప్పుడు విశాఖ, శ్రీకాకుళాల్లో కొంతకాలం ఉండి, తర్వాత మద్రాసుకూ అక్కడినుంచి 1840లో నెల్లూరుకూ వెళ్లాడు. నెల్లూరు మిషను అంటే అందరికీ తెలుసు, దానికి ముందు మజిలీ శ్రీకాకుళమన్నది చాలామందికి తెలియదు. ఈ వాతావరణంలోంచి వచ్చినవాడు పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, సంస్కృతం, తెలుగు, ఒరియా నేర్చి, క్రైస్తవ చిన్న పుస్తకాలు చదివి కదిలి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890లో చనిపోయేదాకా పాటలు, పద్యాలు, వాదగ్రంథాలు రాస్తూనే ఉన్నాడు. తాను చదివిన కరపత్రాల తరహాలోనే ఆయన వచనం కూడా రాశాడు. కానీ ఈనాటికీ జనం నోట ఉన్నవి ఆయన కీర్తనలు. పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాల గుర్తులతో, భజన అలవాటున్న గొంతులకు సరిపోయే కట్టుబాటుతో వచ్చిన దైవశాస్త్రం అది. చదువు రానివాడి చేతిలో కూడా ఆ పుస్తకం పనిచేసింది, ఎందుకంటే దాన్ని తెరవనక్కరలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పాటల పుస్తకాన్ని బైబిలు అధ్యయన గ్రంథాల్లో చేర్చడం భావావేశమే తప్ప విచారణ కాదు. కీర్తన భక్తిని పుట్టిస్తుంది గానీ లేఖనాన్ని విడమరిచి చెప్పదు. తప్పును తప్పని చూపించే కఠినమైన పని వ్యాఖ్యానమే చేస్తుంది. ఇందులో నిజముంది. ఒక వాక్యానికి చారిత్రక సందర్భమేమిటో, గ్రీకు మూలంలో ఏముందో పాట చెప్పదు. కానీ దైవశాస్త్రం అంటే వాక్యాల సందర్భమొక్కటే కాదు. దేవుడు మనిషికి ఏమవుతాడు, పాపి ఎవరి దగ్గరికి పోవాలి, రక్షణ కూడబెట్టుకున్న పుణ్యమా, ఉచితంగా వచ్చిన దయా అన్నవి ఈ తీరంలో మతం మారిన మొదటి తరాన్ని నిజంగా వేధించిన ప్రశ్నలు. చౌదరికి భక్తి సంప్రదాయపు శరణాగతి భాష పుట్టుకతో తెలుసు; ఆ భాషలోనే ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాడు. ఆర్.ఆర్. సుందరరావు తెలుగు కీర్తనల్లోని భక్తి దైవశాస్త్రం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు, 1983లో అది ఇంగ్లీషులో అచ్చయింది. కీర్తనలు విచారణకు తగిన గ్రంథమని చెప్పడానికి అది చాలు. జాన్ హే స్కూల్లో చదివి క్రైస్తవుడై, తర్వాత సంఘకాపరి అయిన పులిపాక జగన్నాథం కూడా కీర్తనకారుడే. ఇంగ్లీషు చదువూ, లేఖన పాండిత్యమూ ఉన్న మనిషి కూడా జనం కోసం ఎంచుకున్న రూపం కీర్తన. వ్యాఖ్యానం అక్కరలేదని దీని అర్థం కాదు, వ్యాఖ్యానం ఒక్కటే చదువు కాదని అర్థం.

మొదటి పుస్తకం ఏదన్న విషయంలో సంఘాల మధ్య తేడాలు కూడా ఈ ప్రాంతంలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ఆన్సీ నుంచి వచ్చిన సేల్స్ ఫ్రాన్సిస్ సభ గురువులు 1846లో విశాఖ చేరారు. కాథలిక్కుల పద్ధతిలో విశ్వాసికి ముందు అందేది జ్ఞానోపదేశం, జపాల పుస్తకం. లేఖనం పూజలో చెవికి చేరుతుంది. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్లు సాలూరు, పార్వతీపురం వైపు, కొండ మీద కోరాపుట్ వైపు పనిచేశారు. వాళ్లకు లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి ప్రాణం: పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, సంస్కారాలు, ఒక్కోదానికి ‘దీని అర్థమేమి’ అన్న ప్రశ్న. కెనడా తూర్పు తీర రాష్ట్రాల బాప్టిస్టులు 1875 తర్వాత భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, ఆపైన విజయనగరం కేంద్రాలుగా స్థిరపడ్డారు. వాళ్లకు మానవ రచన అయిన ఏ ప్రశ్నోత్తరీ లేఖనానికి ముందు రాకూడదు. కొత్త నిబంధనే మొదటి పాఠం. వినడానికి ఇవి మూడు వేర్వేరు సిద్ధాంతాలు. ఆచరణలో మూడూ ఒకచోట కలిశాయి. ప్రశ్నోత్తరి కంఠస్థం చేయించేది, బాప్టిస్టుల బంగారు వాక్యం కంఠస్థం చేయించేది, జపం కంఠస్థం చేయించేది. పుస్తకం ఏదైనా సరే, నోటికి వచ్చేటంత చిన్న ముక్కలుగా విడగొట్టుకోగలిగినదే ఊళ్లోకి వెళ్లింది.

దీనికి కారణం ఉపదేశి చేసిన పని స్వభావంలో ఉంది. మద్రాసు రాజధానిలో అక్షరాస్యత బాగా అడుగున ఉన్న జిల్లాల్లో విశాఖపట్నం జిల్లా ఒకటి. మిషనరీ ఒకచోట బంగళాలో ఉంటే, ఊరూరా తిరిగి బోధించినది ఉపదేశులు, సువార్తికులు, పుస్తకాలు మోసుకెళ్లి అమ్మే కాల్పోర్టర్లు, ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లకు చదివి వినిపించిన బైబిలు స్త్రీలు. సంతల్లో, జాతరల్లో వాళ్లు అమ్మినవి పూర్తి బైబిళ్లు కావు, ఒక్కొక్క సువార్తను విడిగా కుట్టిన పలచటి పుస్తకాలు. ఉచితంగా పంచితే చుట్టకాయితంగా పోతుందని, నామమాత్రపు ధరైనా పెట్టి అమ్మాలని బైబిలు సొసైటీల వైఖరి. డబ్బిచ్చి కొన్నవాడు చదవకపోయినా ఎవరిచేతనైనా చదివించుకుంటాడు. ఈ ఉపదేశులకు శిక్షణ ఇవ్వడానికి 1882లో జాన్ మెక్లారిన్ సామర్లకోటలో కెనడియన్ బాప్టిస్టుల సెమినరీ తెరిచాడు, తర్వాత అది కాకినాడకు మారింది. ఉత్తరాంధ్రనుంచి వెళ్లినవాళ్లకూ అదే బడి. అక్కడ ప్రధాన పాఠ్యం బైబిలే. దీన్ని లేమి అని మాత్రమే చదవడం తేలిక. కానీ చదువుకుని తిరిగి వెళ్లేది పుస్తకాలు లేని ఊరికి. బైబిలును పూర్తిగా తెలిసి ఉన్న ఉపదేశి పది వ్యాఖ్యానాల పేర్లు తెలిసిన ఉపదేశి కంటే అక్కడ ఎక్కువ పనికొచ్చాడు.

ఇంకో అభ్యంతరం దీనికంటే పదునైనది. ఇక్కడి క్రైస్తవుడు ఏమీ ఎంచుకోలేదు, లండనులోనూ టొరంటోలోనూ మద్రాసులోనూ ఎంచినవి చదివాడు అంటారు. 1804లో పుట్టిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ డబ్బు ఇచ్చింది, 1818లో ఏర్పడిన మద్రాసు రెలిజియస్ ట్రాక్ట్ సొసైటీ కరపత్రాలు అచ్చువేసింది, 1820 నుంచి మద్రాసు బైబిలు సొసైటీ ముద్రణ చూసుకుంది. 1858లో మొదలైన క్రిస్టియన్ వెర్నాక్యులర్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున జాన్ మర్డాక్ దేశమంతా తిరిగి, 1870లో భారతీయ భాషల్లోని క్రైస్తవ పుస్తకాల పట్టికను అచ్చువేశాడు. ఏ భాషలో ఏముందో, ఏది లేదో చూపి, కొత్తగా ఏది రాయించాలో తేల్చుకునే పనిముట్టు అది. ఇంత యంత్రాంగం ఉండగా ఊరి ఉపదేశి ఎంపికకు విలువేమిటి? విలువ ఉంది. అచ్చువేసేవాడు ఏది దొరకాలో నిర్ణయిస్తాడు, ఏది చిరిగిపోయేదాకా వాడాలో నిర్ణయించలేడు. ట్రాక్ట్ సొసైటీ వేసిన వందలాది కరపత్రాల పేర్లు ఇవాళ గ్రంథాలయ పట్టికల్లో తప్ప కనిపించవు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ మాత్రం సంఘాల గోడలు దాటి లూథరన్లూ, బాప్టిస్టులూ, దక్షిణ ఇండియా సంఘంవాళ్లూ పాడుకునే ఉమ్మడి పుస్తకమైంది. డబ్బు ఎక్కువ ఖర్చయినచోట పుస్తకం నిలబడాలన్న నియమం ఉంటే ఇది జరగదు. పాఠకుడు కొన్నింటిని నిశ్శబ్దంగా పక్కన పెట్టి కొన్నింటిని మోసుకుపోయాడు. రాతలో నమోదు కాని ఆ తీర్పు చరిత్రకారుడికి అచ్చు లెక్కలంత ముఖ్యమైన సాక్ష్యం.

అయితే ఈ చరిత్ర అంతా విజయగాథ కాదు. పైనున్న కీర్తనకూ, కింద ఉన్న లేఖనానికీ మధ్య ఒక అర తెలుగులో చాలాకాలం ఖాళీగానే ఉంది. లేఖనాన్ని వరసగా వివరించే సొంత వ్యాఖ్యానాలు, ఇక్కడి ప్రశ్నలతో మొదలయ్యే దైవశాస్త్ర గ్రంథాలు ఆ అరలో ఉండవలసినవి. మెక్లారిన్ తర్వాతి ఏళ్లలో తెలుగు క్రైస్తవ సాహిత్యం తయారుచేసే పనిలోనే కాలం గడిపాడు. లోటు మిషనరీలకూ తెలుసన్నమాట. కానీ వచ్చిన వాటిలో ఎక్కువ భాగం అనువాదాలు, సంక్షేపాలు. పై చదువు ఇంగ్లీషులో సాగింది. 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన సన్నదుతో పట్టాలివ్వగల హక్కు పొందిన శ్రీరాంపురం కళాశాల, 1918 చట్టం తర్వాత దేశవ్యాప్తంగా దైవశాస్త్ర డిగ్రీలకు కేంద్రమైంది. 1964లో రాజమండ్రిలో పలు సంఘాల సెమినరీలు కలిసి ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలగా ఏర్పడి, తర్వాత హైదరాబాదుకు తరలింది. సంఘాలు ఒక్కటిగా చదువుకోవడం గొప్ప మేలు. కానీ కాకినాడనుంచి రాజమండ్రికి, అక్కడినుంచి హైదరాబాదుకు పై చదువు జరిగిన కొద్దీ, టెక్కలి, సోంపేట, పాలకొండ పిల్లలకు ఆ గ్రంథాలయం దూరమైంది. 1947లో కెనడియన్ బాప్టిస్టుల సంఘాలు ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షనుగా స్వతంత్ర వ్యవస్థ అయ్యాయి; పాలన మన చేతికొచ్చిన తర్వాత కూడా పుస్తకాల అర మాత్రం అరువు సరుకుతోనే నిండింది.

అరువైతే తప్పేమిటని అడగవచ్చు. క్రైస్తవ విచారణ రెండు వేల ఏళ్లది, అగస్టీను ఆఫ్రికావాడు, లూథరు జర్మనీవాడు, కాల్విను ఫ్రాన్సువాడు. శ్రీకాకుళంవాడు శ్రీకాకుళంవాళ్ల పుస్తకాలే చదవాలంటే బావిలో కప్ప అవుతాడు. ఇంగ్లీషు రాకపోతే నేటి పరిశోధన అందదు. ఈ మాటలు కాదనలేనివి. నిజానికి ఈ ప్రాంతపు తొలి చరిత్రే దీనికి సాక్ష్యం: ఆనందరాయర్ తమిళ బైబిలు చదవకపోతే తెలుగు సువార్తలు అలా వచ్చేవి కావు, చౌదరి మూడు భాషల మధ్య తిరగకపోతే ఆ కీర్తనలు పుట్టేవి కావు. బయటి పుస్తకం చదవడంలో దోషం లేదు, బయటి పుస్తకం వేసిన ప్రశ్నను మనదే అనుకోవడంలో ఉంది. అగస్టీను తన ప్రాంతంలో చీలిపోయిన డొనాటిస్టు వర్గానికి జవాబు చెప్పాడు, లూథరు పాపపరిహార పత్రాల అమ్మకానికి జవాబు చెప్పాడు. వాళ్ల జవాబులు నేర్చుకోవలసినవే. కానీ కులం, గ్రామదేవత పండుగ, పెళ్లిలో కట్నం, కూలికోసం హైదరాబాదుకూ చెన్నైకీ వలస, తాగుడు, చేతబడి భయం అన్నవి ఇక్కడి గుడిలో బోధకుడిని నిలవేసే ప్రశ్నలు. చౌదరి తరం కులాన్ని దైవశాస్త్ర ప్రశ్నగానే తీసుకుని రాసింది. ఇవాళ్టి అరువు వ్యాఖ్యానాల విషయసూచికల్లో ఆ మాట వెతికితే చాలా వాటిలో దొరకదు. ఇంగ్లీషు గ్రంథం చదివి దాని పద్ధతి నేర్చుకుని, ప్రశ్న మాత్రం ఊరినుంచి తెచ్చుకునేవాడికి అరువు పుస్తకం ఆస్తి అవుతుంది. ప్రశ్న కూడా అరువు తెచ్చుకునేవాడికి అప్పుగానే మిగులుతుంది.

ఇదే కొలబద్ద కొండల మీద ఇంకా గట్టిగా పనిచేస్తుంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలో, పర్లాకిమిడి వెనక కొండల్లో సవరలున్నారు. చాలాకాలం వాళ్లకు చదువంటే తెలుగో ఒరియానో. పర్లాకిమిడి స్కూల్లో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి సవర భాషను వాళ్ల నోటినుంచే నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాచకాలు రాశాడు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆయన పని మతబోధ కాదు, భాషా న్యాయం. కానీ చదువు తనకు అర్థమయ్యే నోటిమాటలో రావాలన్న ఆయన పట్టుదలే, సవర భాషలో బైబిలు తేవాలని పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీల పట్టుదల కూడా. సవర సంఘంలో బోధించేవాడికి తెలుగు రిఫరెన్సు బైబిలు ఎంత గొప్పదైనా మొదటి పుస్తకం కాలేదు. ఉత్తరాంధ్ర అంతటికీ ఒకే జాబితా కడితే మొదట నష్టపోయేది కొండ మీది చదువరి. మైదానంలో ఇంగ్లీషు గ్రంథం ముందు తెలుగువాడికి ఎదురయ్యే ఇబ్బందే కొండ మీద తెలుగు గ్రంథం ముందు సవరవాడికి ఎదురవుతుంది.

కాబట్టి ఏ పుస్తకాలు కొనాలన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఇచ్చే జవాబు ఒక వరస. ముందు లేఖనం, అదీ వింటున్నవాళ్ల భాషలో, బిగ్గరగా చదవడానికి వీలైన ప్రతి. దాని పక్కన కీర్తనల పుస్తకం. దాన్ని ఆరాధనలో పాడుకోవడానికే కాక, మన ముందుతరం ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పిందో తెలిపే గ్రంథంగా చదవాలి. తర్వాత తన సంఘపు ప్రశ్నోత్తరి గానీ విశ్వాస ప్రమాణం గానీ. తానెక్కడ నిలబడ్డాడో తెలియనివాడు ఇతరుల పుస్తకాలను తూచలేడు. ఆ పైన ఒక మంచి బైబిలు నిఘంటువు, ఎందుకంటే కనాను వ్యవసాయం, యూదుల పండుగలు, రోమా పన్నులు ఊహతో తేలేవి కావు. వ్యాఖ్యానాలు సెట్టుగా కొనడంకంటే బోధించబోయే గ్రంథానికి ఒకటి చొప్పున, వీలైతే రెండు వేర్వేరు సంఘాల వాళ్లవి కొనడం మేలు. ఒకే వ్యాఖ్యాత ఇంట్లో ఉంటే ఆయన మాటే లేఖనమైపోతుంది. చివరగా ఉత్తరాంధ్ర సంఘాల చరిత్ర, పాత నివేదికలు, స్థానిక కవుల రచనలు ఎక్కడ దొరికినా వదలకూడదు. చౌకధరకు వచ్చే అనువాదాలు, ఫోనులో ఉచితంగా దొరికే గ్రంథాలు ఇవాళ అరను ఒక్క రోజులో నింపగలవు. అందువల్ల ఎంచుకోవడం తేలికైందనుకోవడం పొరపాటు, ఇప్పుడే మరింత కష్టమైంది. పుస్తకాలే లేని రోజుల్లో లేమి ఎంచిపెట్టింది, ఇప్పుడు ఎంచవలసింది మనిషి. ఒక పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు రాసినవాడి పేరు, అట్ట, బరువు చూసే ముందు, ఇది వచ్చే ఆదివారం నా ఎదుట కూర్చునేవాళ్లలో ఎవరి ప్రశ్నకు జవాబు చెబుతుందని అడిగితే చాలు. ఎవరి పేరూ తట్టకపోతే ఆ పుస్తకం మంచిదే కావచ్చు, కానీ ఇంకా దాని సమయం రాలేదు.